పట్టు ఉంటేనే మడత

మా తాతయ్య ఆర్మీలో టి-55 ట్యాంకు మీద పనిచేశారు. 1971 యుద్ధం నాటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. ఆ ట్యాంకు మోడల్ ఒకటి చేసి ఆయనకిద్దామని పోయిన సెలవుల్లో 1:35 స్కేల్ కిట్ కొన్నాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా విడిగా తెప్పించిన ఇత్తడి రేకు దగ్గరొచ్చింది. ఫెండర్ మీద ఉండే సామాన్ల పెట్టె, మూడో గోడ మడుస్తుండగా పుటుక్కున విరిగింది. రేకులో అలాంటి పెట్టె అదొక్కటే. తప్పు చేతిది అనుకున్నాను గానీ, అసలు తప్పు నేను కొన్న మడత పనిముట్టు దగ్గరుంది. మీలో ఎవరైనా ఇలాంటిది కొనబోతుంటే నాలా పొరబడకూడదని ఇది రాస్తున్నా.

ముందు ఆ రేకు సంగతి. దాన్ని ఫోటో ఎచ్ అంటారు. ఈసీఈ వాళ్లకి పీసీబీ తయారీ తెలుసు కదా, ఇదీ దాదాపు అదే పద్ధతి. రేకు మీద కాంతికి స్పందించే పూత పూసి, డిజైన్ ఉన్న ఫిల్మ్ గుండా వెలుగు పడేలా చేస్తారు. తర్వాత పూత లేని చోట ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ద్రావణం లోహాన్ని తినేస్తుంది. రెండు వైపుల నుంచీ తింటే ముక్క తెగుతుంది. ఒక్క వైపు నుంచే తింటే సుమారు సగం లోతు గాడి పడుతుంది. ఆ గాడే మన మడత గీత. మామూలుగా గాడి మడత లోపలి వైపుకి రావాలి. అలా కాని చోట కిట్ కాగితంలో చెప్తారు.

రేకు మందం ఎక్కువగా 0.1 నుంచి 0.2 మి.మీ. మధ్య ఉంటుంది. గీత దగ్గర అందులో సగమే మిగులుతుంది. వేళ్లతో వంచితే గీత దగ్గర మడత పడదు, ముక్కంతా విల్లులా వంగుతుంది. అందుకే మడత పనిముట్టు. కింద ఒక చదునైన పలక, పైన స్క్రూతో బిగించే బిగింపు పలక. గీత సరిగ్గా బిగింపు అంచుకి వచ్చేలా ముక్కని పెట్టి, బిగించి, బయటికి ఉన్న భాగం కిందికి బ్లేడు దూర్చి మొత్తం పొడవునా ఒకేసారి లేపాలి. అంతే పని. అంటే వంచేది బ్లేడు, పనిముట్టు చేసేది పట్టుకోవడం మాత్రమే. కొనేటప్పుడు చూడాల్సింది కూడా ఆ పట్టునే.

నేను చూసింది పొడవు. టి-55 హల్ పొడవు 6.45 మీటర్లు. 35తో భాగిస్తే 184 మి.మీ. ఫెండర్ అంచు ఆ చివర నుంచి ఈ చివరికి మడవాలి కాబట్టి 8 అంగుళాలది, అంటే 203 మి.మీ.ది కావాలని లెక్కేసి, తిన్నని అంచు ఉన్నది తెప్పించాను. ఫెండర్ అద్భుతంగా వచ్చింది. లెక్క తప్పలేదు, కానీ సగం లెక్కే చేశాను.

పెట్టె దగ్గర ఏం జరిగిందంటే, ఎదురెదురు గోడలు రెండూ లేపేశాను. మూడో గోడ మడవాలంటే ఆ రెండు గోడల మధ్య అడుగుని పట్టుకోవాలి. నా బిగింపు అంచు 8 అంగుళాలు, పెట్టె లోపలి వెడల్పు 11 మి.మీ. ఎలా పడుతుంది? ఫస్టియర్ టిన్ స్మిథీలో జీఐ రేకుతో ట్రే చేసినప్పుడు మనందరికీ ఇదే ఇబ్బంది వచ్చింది. అది అప్పుడు గుర్తు రాలేదు. సన్న ప్లయర్‌తో పట్టి వంచాను. పట్టిన చోటే వంగింది, చివర్లు ఉబ్బాయి. సరిచేద్దామని వెనక్కి వంచి, మళ్లీ వంచాను. వంచిన కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుందని మెటలర్జీలో చదివిందే. మూడోసారికి గీత వెంట విడిపోయింది.

అందుకే కొనే ముందు మీ రేకు ముందు పెట్టుకుని రెండు కొలతలు తీయండి. అన్నిటికన్నా పొడవైన మడత ఎంత? అన్నిటికన్నా ఇరుకైన పెట్టె లోపలి వెడల్పు ఎంత? మొదటిది పనిముట్టు పొడవు చెప్తుంది. రెండోది దాని 'వేళ్ల' వెడల్పు చెప్తుంది. చాలా పనిముట్లలో బిగింపు పలక ఒక వైపు తిన్నగా, మరో వైపు రకరకాల వెడల్పుల్లో వేళ్లలా చీలి ఉంటుంది. పెట్టెలు ఎక్కువుంటే వేళ్లున్న 4 అంగుళాలది, వేళ్లు లేని 8 అంగుళాల దానికన్నా ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత అంచు చూడండి. పలకలు బిగించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సందు ఉందో లేదో తెలిసిపోతుంది. రెండు చివర్లా చిన్న కాగితం ముక్కలు పెట్టి బిగించి లాగండి. ఒకటి జారి ఒకటి ఆగితే పట్టు సమంగా లేనట్టే. మధ్యలో ఒకటే స్క్రూ ఉన్నవాటిలో ముక్కని ఒక పక్కన పెడితే పలక ఒరుగుతుంది. అలాంటప్పుడు రెండో పక్కన అంతే మందం ఉన్న పనికిరాని రేకు ముక్క పెట్టాలి. బిగింపు అంచు నిటారుగా కాకుండా కొంచెం వెనక్కి వాలి ఉంటే మేలు. వంచి వదిలాక లోహం కాస్త వెనక్కొస్తుంది కాబట్టి 90 డిగ్రీలు దాటించి వంచే వీలుండాలి. స్టీలు రేకు కిట్లయితే ఈ వెనక్కి రావడం ఇంకా ఎక్కువ. అల్యూమినియం పనిముట్టు ఇత్తడికి సరిపోతుంది గానీ, స్టీలు రేకులు ఎక్కువగా మడిస్తే అంచు త్వరగా పాడవుతుంది.

మంట మీద కాల్చి మెత్తబరిస్తే విరగదు కదా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. గుండ్రంగా వంచాల్సిన ముక్కలకి అది మంచిదే. పదునైన మడతకి మాత్రం వద్దు. రేకంతా మెత్తబడితే గీత దగ్గరే వంగాలన్న నియమం పోతుంది. ఇక మీ కిట్‌లో మడతలు నాలుగైదే ఉంటే అసలేమీ కొనొద్దు. ఒక స్టీలు స్కేలు, ఒక బ్లేడు, పళ్లు లేని ప్లయర్ చాలు.

నా పెట్టె సంగతి చెప్పాలి కదా. వర్క్‌షాప్ స్క్రాప్‌లోంచి 3 మి.మీ. మందం ఎంఎస్ ఫ్లాట్ ముక్క అడిగి తెచ్చుకుని, ఆకురాయితో 10.5 మి.మీ. వెడల్పుకి అరగదీశాను. దాన్ని వేలులా బిగింపు కింద పెట్టి, రెండో పక్క అదే మందం ముక్క ఎత్తు కోసం పెట్టి నాలుగో గోడ మడిచాను. ఒక్కసారికే నిలబడింది. విరిగిన మూడో గోడని సూపర్ గ్లూతో అతికించాను. దగ్గరగా చూస్తే అతుకు కనిపిస్తుంది.

తాతయ్య దగ్గరగానే చూశారు. కళ్లజోడు పైకి నెట్టుకుని, వేలు సరిగ్గా అక్కడే పెట్టి, "ఈ పెట్టె సొట్టపోయిందేంట్రా?" అన్నారు. విరిగిందని చెప్పాను. "మాది ఇంతకంటే సొట్టపోయి ఉండేదిలే" అని, మోడల్‌ని టీవీ పక్కన ఆ పెట్టె మన వైపుకి కనపడేలా తిప్పి పెట్టారు.