మిషను చెప్పింది సరే, మనిషి చూశాడా?

అక్కల్లారా! మన బసంత్‌నగర్‌కు దగ్గరలోనే గోదావరిఖని బొగ్గు బావులు ఉన్నాయి. బావిలో పెద్ద పెద్ద మిషన్లు పని చేస్తాయి. అయినా పని మొదలు పెట్టే ముందు సర్దార్ పోయి పైకప్పు తట్టి చూస్తాడు. ఆయన సరే అంటేనే పని. ఇది చట్టం పెట్టిన నియమం.

ఇప్పుడు ఆఫీసుల్లోకి ఇంకో రకం మిషను వచ్చింది. దాని పేరు కృత్రిమ మేధ. అందరూ ఏఐ అంటున్నారు. ఇది కంప్యూటర్‌లో పని చేస్తుంది. లక్షల మంది వివరాలు చూస్తుంది. "వీళ్లకు ఇవ్వొచ్చు, వాళ్లకు వద్దు" అని చెబుతుంది. పని తొందరగా అవుతుంది. కాని తప్పు చెబితే ఎట్లా?

మన రాష్ట్రంలో ఏం జరిగింది?

తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ పద్ధతి పెట్టింది. బండ్లు, భూములు, కరెంటు బిల్లుల వివరాలు ఒకచోట చేర్చింది. పేర్లు, అడ్రసులు పోల్చి చూసింది. ఒకే పేరు ఇద్దరికి ఉంటుంది కదా! రిక్షా తొక్కే మనిషికి కారు ఉందని లెక్క తేలింది. ఆ ఇంటికి రేషన్ బియ్యం బంద్ అయింది.

రాష్ట్రంలో సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. కొందరు కోర్టుకు పోయారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇండ్లకు పోయి, మళ్లీ విచారణ చేయాలని ఆదేశించింది.

వేరే దేశాల్లో ఎట్లా ఉంది?

నెదర్లాండ్స్ అనే దేశంలో పిల్లల సంరక్షణకు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. అక్కడ కూడా కంప్యూటర్ లెక్కను నమ్మి, వేలమంది తల్లిదండ్రుల మీద మోసగాళ్లని ముద్ర వేశారు. ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమన్నారు. ఎన్నో కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేసింది.

యూరప్ దేశాల కూటమి 2024లో ఏఐ మీద చట్టం చేసింది. మనుషుల నడవడికకు మార్కులు వేసి, వాళ్లను తక్కువ చేసే పద్ధతిని నిషేధించింది. సర్కారు సాయం ఎవరికి ఇవ్వాలో తేల్చే ఏఐ మీద మనిషి నిఘా ఉండాలన్నది. ఈ చట్టం విడతలుగా అమలవుతుంది.

చైనాలో 2025 సెప్టెంబరు నుండి ఏఐ చేసిన బొమ్మకు, వీడియోకు గుర్తు పెట్టాలి. అమెరికాలో దేశమంతటికీ ఒకే చట్టం లేదు. రాష్ట్రాలు వేరువేరుగా చట్టాలు చేసుకుంటున్నాయి.

మన దేశం 2025 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పటికి వేరే చట్టం అవసరం లేదు, ఉన్న చట్టాలు చాలు అన్నది.

మనం ఏం చేయాలి?

"కంప్యూటర్‌లో లేదమ్మా" అంటే ఊరికే తిరిగి రావద్దు. ఎందుకు లేదో రాసి ఇవ్వమని అడగండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. మన జిల్లా పెద్దపల్లి. అక్కడికి పోయి దరఖాస్తు ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. మన దరఖాస్తు మనమే రాద్దాం.

ఆలోచించండి: బావికి సర్దార్ ఉన్నాడు. మన బియ్యం సంగతి తేల్చే మిషనుకు సర్దార్ ఎవరు?