గంజాయి దొరికింది, మరి బండి సంగతేంటి?

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దు దాటగానే కర్నూలు శివార్లలో పంచలింగాల చెక్‌పోస్టు వస్తుంది. ఇలాంటి చోట జరిగే తనిఖీలో సీటు కింద గంజాయి దొరికితే పోలీసులు సరుకుతోపాటు బండినీ స్వాధీనం చేసుకుంటారు. ఆ సమయానికి బండి యజమాని కడపలో తన ఇంట్లో నిద్రపోతూ ఉండొచ్చు.

అయినా జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టంలోని 60వ సెక్షన్ ప్రకారం, ఈ రవాణా తనకు గానీ డ్రైవరుకు గానీ తెలియదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని యజమానే రుజువు చేసుకోవాలి. నిందితుడు నిర్దోషిగా బయటపడినా బండి జప్తుపై కోర్టు విడిగా తేలుస్తుంది. ఒక్క ఊరట ఉంది: స్వాధీనమైన నెల లోపల జప్తు ఉత్తర్వు ఇవ్వకూడదు, హక్కుదారు మాట వినకుండా అసలే ఇవ్వకూడదు.

ఎర్రచందనం కేసులు చూసిన కడపవాసులకు ఇది కొత్త కాదు. రాష్ట్ర అటవీ చట్టం కింద, క్రిమినల్ కేసు తీర్పు కోసం ఆగకుండా, అధీకృత అటవీ అధికారే బండిని జప్తు చేయవచ్చు.

ఇళ్లు, పొలాలు, బ్యాంకు ఖాతాల దారి వేరు. మాదకద్రవ్యాల నిరోధక చట్టంలో 1989లో చేర్చిన 5ఎ అధ్యాయం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్షకు వీలున్న నేరాల్లో అక్రమార్జన మీదికే వెళ్తుంది. దర్యాప్తు అధికారి ఆస్తిని స్తంభింపజేస్తే 30 రోజుల్లోగా సమర్థ అధికారి ఖరారు చేయాలి, లేదంటే ఆ ఉత్తర్వు చెల్లదు. ఆస్తి బంధువుల పేరిట ఉన్నా, సక్రమ సంపాదనతోనే కొన్నామని వాళ్లే చూపాలి. ఇది న్యాయమే. గంజాయి డబ్బుతో కట్టిన మేడ చెక్కుచెదరకుండా ఉంటే జైలుకు వెళ్లొచ్చినవాడు మళ్లీ అదే దందాలో దిగుతాడు. ఇలాంటి దందాల సమాచారం చెప్పడానికి, 2024 నవంబరులో ఏర్పడిన రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం 'ఈగల్' ఉంది. దాని టోల్‌ఫ్రీ నంబరు 1972.

కానీ అప్పు చేసి లారీ కొన్నవాడి మాటేమిటి? అస్సాంలో ఒక లారీలో సబ్బుపెట్టెల్లో హెరాయిన్ దొరికింది. యజమానికి ఆ లారీయే బతుకుదెరువు, దాని మీద వాయిదాలు కట్టాలి. విచారణ పూర్తయ్యేలోగా బండిని తాత్కాలికంగా విడుదల చేయడానికి చట్టంలో అడ్డు లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. పోలీసు స్టేషన్ల ఆవరణలో బండ్లను ఏళ్లతరబడి ఉంచొద్దని అదే కోర్టు 2002లోనే చెప్పింది.

కాబట్టి బండి పట్టుబడితే చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఆర్‌సీ, ఫైనాన్స్ కాగితాలు, డ్రైవరు వివరాలు తీసుకుని వెంటనే ప్రత్యేక కోర్టులో దరఖాస్తు పెట్టండి. లాయరు ఫీజుకు స్తోమత లేనివారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఉచిత సాయం అడగవచ్చు.