వార్తల్లో పదం: ఉత్తమ పర్యాటక గ్రామం

జనం కిక్కిరిసే యాత్రాస్థలాలకు దూరంగా, స్థానిక జీవనాన్ని, వృత్తులను కాపాడుకుంటున్న పల్లెలకు ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ 2021 నుంచి ఇస్తున్న గుర్తింపు ఇది. జనాభా 15,000 మించని ఊళ్లే దీనికి అర్హం. అందచందాలొక్కటే చాలవు. సంస్కృతి పరిరక్షణ, పర్యావరణం, ఊరివాళ్లకు దక్కే ఆదాయం వంటివీ చూస్తారు.

తొలి ఏడాదే ఈ గుర్తింపు మన భూదాన్ పోచంపల్లికి దక్కింది. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ ఊళ్లోనే 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. ఈ ఊరి మరో గుర్తు ఇక్కత్ నేత. దాన్ని మగ్గం దగ్గర నిలబడి చూడాల్సిందే. నేయకముందే నూలుకు లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ముడులు విప్పి పడుగు, పేకలను కలిపి నేస్తే డిజైన్ తేలుతుంది. అంచులు కాస్త చెదిరినట్టు కనిపించడం లోపం కాదు, అదే దాని ఆనవాలు.

గుర్తింపుతో నేరుగా డబ్బు రాదు, పేరు వస్తుంది. ఆ పేరు చూసి వచ్చేవాళ్లు దుకాణంలో చీర కొని గంటలో తిరుగుముఖం పడితే నేతన్నకు ఒరిగేది తక్కువే.