హరిణవనస్థలి : మన పొరుగునందలి పచ్చికనేల

దేశసంచారము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. కాని సంచారమనగానే మనకు హిమాలయములును, నీలగిరులును, సముద్రతీరములును స్ఫురించును. ఇంటి కనతిదూరమున నున్న వింతలు స్ఫురింపవు. అబ్దుల్లాపూర్‌మెట్టు నుండి దిల్‌సుఖ్‌నగరునకు ప్రతిదినము ఎందఱో బస్సులలో పోవుచు వచ్చుచుందురు. పెద్దఅంబర్‌పేటయు, హయత్‌నగరును దాటిన పిమ్మట, ఎల్.బి. నగరు చేరకమునుపే, విజయవాడ రహదారికి దక్షిణముగా మహావీర హరిణవనస్థలి యను జాతీయోద్యానవనము గలదు. దాని చరిత్రమును, అందలి ముఖ్యమృగమగు కృష్ణజింక స్వభావమును, అచ్చటికి బోవు యాత్రికుడు తెలిసికొనదగిన సంగతులును ఈ వ్యాసమున వివరింపబడును.

ఉద్యానవనమను మాట వినగానే పూలమొక్కలును, నీరు చిమ్ము గొట్టములును, బాలురు ఊగు ఉయ్యాలలును తలంపునకు వచ్చును. జాతీయోద్యానవనము అట్టిది కాదు. ఒక ప్రదేశమందలి నేలను, నీటిని, చెట్లను, మృగములను, పక్షులను వాని సహజస్థితిలో నుండనిచ్చుటకై శాసనముచే కాపాడబడు భూభాగమునకు ఆ పేరు. ఇట్టివానిలో మొదటిదిగా ఎన్నబడునది అమెరికా దేశమున 1872లో ఏర్పడిన యెల్లోస్టోన్ వనము. మన దేశమున 1936లో హేలీ పేర నేర్పడి, నేడు జిమ్ కార్బెట్ పేర నున్నదే ప్రథమము. 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చిన తరువాత ఇట్టి వనములు పలుతావుల వెలసినవి. అభయారణ్యములందు పశువులు మేయుట వంటి కొన్నిటిని అధికారులు నియమములకు లోబడి అనుమతింపవచ్చును. జాతీయోద్యానవనములందు పశువులను మేపుటకు వీలు లేదు.

ఆంధ్రప్రదేశమునందు శేషాచలపు శ్రీవేంకటేశ్వర వనము, గోదావరీ తీరమున పాపికొండల వనము, కడప సీమలో రామేశ్వరమునొద్ద రాజీవ్ గాంధీ వనము జాతీయోద్యానవనములు. తెలంగాణమునందును మూడు గలవు. అవి మూడును హైదరాబాదు నగరమునందో, దాని చెంతనో యుండుట విశేషము. జూబిలీహిల్సు నందలి కాసు బ్రహ్మానందరెడ్డి వనము ఒకటి. చిలుకూరి మృగవని రెండవది. మన హరిణవనస్థలి మూడవది. ఈ మూడింటిలో మనదే పెద్దది. దాని విస్తీర్ణము 14.59 చదరపు కిలోమీటర్లు, అనగా దాదాపు 3,600 ఎకరములు.

ఈ నేల పూర్వము నిజాము ప్రభువుల వేటభూమి. ఆ కాలమున మన దేశపు ప్రభువులలో అనేకులు కృష్ణజింకను వేటాడుటకు చీతాలను పెంచెడివారు. వాని కన్నులకు గంతలు గట్టి, బండ్లపై గొనిపోయి, జింకలమంద కనబడగనే గంతలు విప్పి వదలెడివారు. కాలము మాఱినది. చీతా మన దేశమున నశించినదని 1952లో ప్రకటింపబడెను. డెబ్బది యేండ్ల పిమ్మట, 2022లో, ఆఫ్రికాలోని నమీబియానుండి ఎనిమిది చీతాలను తెప్పించి మధ్యప్రదేశపు కూనో వనమున విడువవలసివచ్చెను. వేటాడిన మృగము నశించెను. వేటాడబడిన మృగము మాత్రము కొన్ని తావుల మిగిలెను. వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2,500 ఏండ్లు నిండిన సందర్భమున, 1975లో, ఈ వేటభూమికి అహింసను బోధించిన ఆ మహనీయుని పేరు పెట్టబడెను. 1994లో ఇది జాతీయోద్యానవనమయ్యెను.

ఇక కృష్ణజింకను గూర్చి చెప్పెదను. మనము వాడుకలో జింక యని పిలుచువానిలో రెండు వేఱువేఱు కుటుంబములు కలిసిపోయినవి. పొడల దుప్పి, కణుతి మొదలగువాని కొమ్ములు శాఖలుగా చీలియుండును; అవి రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు చీలవు, రాలవు. మెలితిరిగిన త్రాళ్లవలె మీదికి లేచియుండును. దీని మగదానిని మన పెద్దలు ఇఱ్ఱి యనియు, ఆడుదానిని లేడి యనియు చెప్పిరి. ప్రాయము వచ్చిన ఇఱ్ఱి వీపు నలుపు; పొట్టయు, కన్నులచుట్టును తెలుపు. లేడి లేత గోధుమవన్నె గలది. దానికి సాధారణముగా కొమ్ములుండవు. లేడి ఒక్క కాన్పున ఒక పిల్లను కని, దానిని పచ్చికలో దాచి, మేతకు బోయి, పాలిచ్చుటకు తిరిగివచ్చును. అవిభక్త ఆంధ్రప్రదేశమునకు కృష్ణజింకయే రాష్ట్రమృగము. 2014లో ఏర్పడిన తెలంగాణము పొడల దుప్పిని రాష్ట్రమృగముగా గ్రహించెను. ఆంధ్రప్రదేశము 2018లో కృష్ణజింకనే మరల నిలుపుకొనెను. హరిణవనస్థలిలో ఈ రెండు జాతులును గలవు గనుక, చదువరులు వాని భేదమును కన్నులార చూచి నేర్వవచ్చును.

ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొకటి గలదు. కృష్ణజింకకు దట్టమైన అడవి పనికిరాదు. దానికి బలము కండలలో లేదు. దూరమునుండియే శత్రువును కనిపెట్టు చూపులోను, గంటకు ఎనుబది కిలోమీటర్ల వఱకును సాగగల పఱుగులోను గలదు. ఆ చూపునకును ఆ పఱుగునకును మైదానము కావలెను. అది తినునది ముఖ్యముగా గడ్డి. కావున గడ్డినేల యున్నచోటనే ఈ మృగముండును. గడ్డినేల పోయినచోట ఇదియు పోవును. ఇట్టి నేలను చూచి మనము బీడు అందుము. ఇది వ్యర్థముగా నున్నదని తలంచి, ఒకరు దున్ని పైరు వేయుదురు, ఒకరు ఇండ్లు గట్టుదురు, మఱియొకరు సదుద్దేశముతోనే చెట్లు నాటుదురు. చెట్లు నాటుట పుణ్యకార్యమే; అయినను పచ్చికబయలు నిండ చెట్లు నాటుట చెఱువును పూడ్చి తోట వేయుటవంటిది. గుజరాతునందలి వేళావదరు వనమున సర్కారుతుమ్మ వ్యాపించి పచ్చికను కప్పివేయగా, దానిని పెఱికించు పని చేపట్టవలసివచ్చెను. ఆ వనమును మన వనమువలెనే ఒకప్పుడు ప్రభువుల వేటభూమి.

ఈ మృగము నశించినచో ఏమగునో పొరుగుదేశమును చూచి తెలిసికొనవచ్చును. పాకిస్తానమున కృష్ణజింకలు పూర్తిగా నశింపగా, లాల్ సుహన్రా వనమున మరల పెంచుటకై అమెరికాలోని టెక్సాసునుండి తెప్పించిరి. టెక్సాసులోని జింకల పూర్వజములు మన ఖండమునుండి పోయినవే! ఇంట నున్నదానిని పోగొట్టుకొని, పరదేశమునుండి యాచించి తెచ్చుకొనుట ఎంతటి విపరీతము!

ఈ సంరక్షణ ఖర్చులేని పని యని చెప్పరాదు. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీర గ్రామముల రైతులు, కృష్ణజింకలు పొలములబడి పైరులను మేయుచున్నవని మొఱపెట్టినారు. వారి మొఱ న్యాయమైనది. మృగమునకు తగిన పచ్చికను మనము మిగుల్చనప్పుడు దాని ఆకలి భారము పేద రైతుపై బడును. హరిణవనస్థలియందు చిక్కు వేఱొకటి. పూర్వము దీనిచుట్టు పొలములుండెను. నేడు ఇండ్లును, కర్మశాలలును, రాత్రింబగళ్లు వాహనములు సాగు రహదారియు నున్నవి. ఇది యిప్పుడు నగరసముద్రమున నొక ద్వీపము. ఇందలి జింకలు వేఱొక పచ్చికకు బోవుటకు దారి లేదు. ఈ నేలలో తఱుగు ఒక్కొక్క ఎకరమును వానికి తీరని నష్టమే.

ఇక యాత్రికుని విధులు. ఉదయముననో, ఎండ చల్లబడిన సాయంకాలముననో చూడబోవుట మేలు. మధ్యాహ్నమున మృగములు విశ్రమించును. మాటలాడక, బాటను విడువక నడువవలెను. మంద తల లెత్తి చూచినచో అచ్చటనే నిలువవలెను. ముందునకు సాగినచో అవి పరుగెత్తును. పల్లములలో నెమళ్లను, బాటలమీద ఉడుములను, ఆకాశమున గ్రద్దలను చూడవచ్చును. రొట్టె, పండ్లు మొదలగునవి పెట్టరాదు. ప్లాస్టిక్ సంచులను పాఱవేయరాదు. నెమరువేయు జంతువు దానిని మ్రింగినచో అది కడుపున నిలిచి ప్రాణము తీయగలదు. ఒక చిన్న పుస్తకము వెంట గొనిపోయి, చూచిన జాతిని, తావును, వేళను వ్రాసికొనుట విద్యార్థులకు మంచి అభ్యాసము. ఏడాదికి నాలుగుమాఱులు అట్లు వ్రాసినచో, వర్షముతో పచ్చిక యెట్లు మాఱునో, పచ్చికతో మంద యెట్లు కదలునో తమంతట తామే గ్రహింతురు.

దట్టమైన అడవిని ఊహించుకొని పోవువానికి ఈ వనము నిరాశ కలిగింపవచ్చును. గడ్డిని చూడ నేర్చినవానికి మాత్రము ఇచ్చట చూడదగినది చాల గలదు. కావున, బాలబాలికలారా, రాబోవు సెలవులలో దూరదేశములకు బోవు భాగ్యము కలుగకున్నను చింతింపకుడు. తలిదండ్రులను వెంటబెట్టుకొని బస్సెక్కి హరిణవనస్థలికి బొండు. తిరిగివచ్చు దారిలో మన గ్రామముల పొలిమేరలయందు ఇంక నెన్ని పచ్చికనేలలు మిగిలియున్నవో లెక్కింపుడు. వానిని ఇకమీదట బీడులని పిలువకుడు.