కణజాల వర్ధనంలో సెఫోటాక్సిమ్: వినియోగం, మెలకువలు

అగ్రోబాక్టీరియం ద్వారా జరిపే జన్యుమార్పిడిలో ఆ బాక్టీరియాతో పని రెండు, మూడు రోజుల సహవర్ధనంతోనే ముగుస్తుంది. ఆ తరువాత అది మాధ్యమమంతటా వ్యాపించి మొక్క భాగాలను కుళ్ళింపజేస్తుంది. దీనిని తొలగించడానికి ప్రయోగశాలలలో విరివిగా వాడే యాంటీబయోటిక్ సెఫోటాక్సిమ్. ఇది సెఫలోస్పోరిన్ల మూడవ తరానికి చెందినది. ఈ వర్గానికి మూలమైన శిలీంధ్రాన్ని 1945లో ఇటలీ శాస్త్రవేత్త గిసెప్పె బ్రోట్జు సార్డీనియా దీవిలో, మురుగునీరు సముద్రంలో కలిసే చోట సేకరించారు.

సెఫోటాక్సిమ్ బాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ నిర్మాణాన్ని అడ్డుకుంటుంది. మొక్కల కణకవచం ప్రధానంగా సెల్యులోజ్‌తో ఏర్పడినది కనుక మొక్క కణాలకు హాని స్వల్పం. అయితే ప్రభావం బొత్తిగా ఉండదని భావించరాదు. గోధుమ వంటి కొన్ని పైర్లలో ఇది కాలస్ నుండి మొక్కల పునరుత్పత్తిని పెంచినట్లు నమోదైంది. మరికొన్నింటిలో మోతాదు మించితే పిలకలు తగ్గుతాయి. అందువలన ప్రతి రకానికి ముందుగా మోతాదు పరీక్ష అవసరం. సాధారణంగా లీటరు మాధ్యమానికి 250 నుండి 500 మి.గ్రా. వాడతారు. మి.లీ.కు 100 మి.గ్రా. గల మూలద్రావణమైతే 250 మి.గ్రా.కు 2.5 మి.లీ. సరిపోతుంది.

ఈ మందు వేడికి నశిస్తుంది. కనుక దీనిని ఆటోక్లేవ్ చేయరాదు. 0.22 మైక్రాన్ల వడపోత ద్వారా శుద్ధిచేసి, ఆటోక్లేవ్ చేసిన మాధ్యమం సుమారు 50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారిన పిదప కలపాలి. మూలద్రావణాన్ని చిన్న భాగాలుగా చేసి, వెలుతురు సోకకుండా మైనస్ 20 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి. మాధ్యమంలో సైతం దీని శక్తి క్రమంగా క్షీణిస్తుంది. కాబట్టి రెండు వారాలకొకసారి కొత్త మాధ్యమంలోకి మార్చడం మేలు. విద్యార్థులు తరచుగా ఉపేక్షించేది ఈ అంశాన్నే.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. సెఫోటాక్సిమ్ విభజన చెందుతున్న బాక్టీరియాను మాత్రమే సమర్థంగా చంపుతుంది. కణాంతర అవకాశాలలో స్తబ్ధంగా ఉన్నవి మిగిలిపోయి, మందు ఆపిన కొన్ని వారాలకు తిరిగి బయటపడవచ్చు. పైకి ఏమీ కనిపించకున్నా, ఆకు నుండి తీసిన డి.ఎన్.ఎ.లో వాటి ప్లాస్మిడ్ కూడా చేరుతుంది. అప్పుడు పి.సి.ఆర్.లో ఆశించిన పట్టీ వచ్చినా అది మొక్క జన్యువుదని చెప్పలేము. నెలల శ్రమ ఈ ఒక్క పొరపాటుతో వ్యర్థమైపోతుంది. నివారణకు టి-డి.ఎన్.ఎ. వెలుపలి భాగానికి, ఉదాహరణకు విర్-జి జన్యువుకు, ప్రైమర్లు వాడి అదే నమూనాను పరీక్షించాలి. ఆ పట్టీ కనిపిస్తే మొక్కలో బాక్టీరియా ఇంకా ఉన్నట్లే. ఆకు ముక్కను యాంటీబయోటిక్ లేని బాక్టీరియా మాధ్యమంపై ఉంచి చూడటం ఇంకా సులువు. జన్యువు మొక్క క్రోమోజోములో చేరినదా అన్నది సదరన్ విశ్లేషణ ద్వారాను, విత్తనం నుండి వచ్చిన తదుపరి తరంలో ఆ లక్షణపు నిష్పత్తి ద్వారాను నిర్ధారించాలి.