తెరుచుకునే తలుపు పైకి ఎందుకు రాదు?

జీప్ ర్యాంగ్లర్ ఉన్నవాళ్లు వేసవి రాగానే దాని తలుపులు ఊడదీస్తారు. ఇది ఈమధ్య పుట్టిన సరదా కాదు, ఆ బండి వంశంలోనే ఉంది. 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ ఎంబీకి అసలు తలుపులే లేవు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు జీపులకు గుడ్డ తలుపులే దిక్కు. మన ఊళ్లలో తిరిగిన పాత జీపులూ అలాంటివే. 1976లో వచ్చిన సీజే-7తో, కావాలన్నవాళ్లకు ఇనుప తలుపులు అమర్చి ఇవ్వడం మొదలైంది. తలుపు వచ్చింది గానీ, దాన్ని తీసి పక్కన పెట్టే వీలు మాత్రం పోలేదు. యూటా రాష్ట్రంలోని మోయబ్ లాంటి చోట్ల బండిని రాళ్ల మీదికి ఎక్కించేవాళ్లకు అది నిజంగా అవసరం. తలుపు లేకపోతే తల కాస్త బయటికి వంచి, ముందు చక్రం ఏ రాయి మీద ఉందో కళ్లారా చూసుకోవచ్చు.

తలుపు తీయడంలో చిక్కు ఎక్కువగా మిషిగన్, ఒహాయో వంటి చలి రాష్ట్రాల్లో వస్తుంది. డిట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ముచ్చటపడి నాలుగైదేళ్ల పాత ర్యాంగ్లర్ కొంటారు. మొదటి వేసవిలో స్క్రూలు విప్పి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తితే తలుపు రాదు, బండే స్ప్రింగుల మీద లేస్తుంది. అప్పుడు సహజంగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ ఓపిగ్గా జవాబులు చెప్పుకుందాం.

రోజూ హాయిగా తెరుచుకుంటోంది కదా, పట్టేయడమేమిటి?

అందరినీ తికమకపెట్టేది ఇదే. దీనికి జవాబు దొరికితే తలుపు తీసే పద్ధతి కూడా దొరికినట్టే.

ర్యాంగ్లర్ తలుపుకు బయటికి కనబడే కీళ్లు రెండు, పైనొకటి, కిందొకటి. ఒక్కో కీలులో రెండు ముక్కలుంటాయి. బాడీకి బిగించిన ముక్కలో నిలువుగా ఒక రంధ్రం ఉంటుంది. తలుపుకు బిగించిన ముక్క నుంచి ఒక ఉక్కు పిన్ను కిందికి దిగి ఆ రంధ్రంలో కూర్చుంటుంది. తలుపు తిరిగేది దాని మీదే. పిన్ను పైకి జారిపోకుండా అడుగున ఒక స్క్రూ పట్టుకుని ఉంటుంది. అది విప్పి తలుపును నిటారుగా ఎత్తితే రెండు పిన్నులూ రంధ్రాల్లోంచి బయటికి రావాలి.

ఇప్పుడు లెక్క చూడండి. తలుపు తెరిచేటప్పుడు మనం పట్టుకునేది కీలుకు దాదాపు మీటరు దూరంలో ఉన్న హ్యాండిల్‌ని. పిన్ను వ్యాసార్ధమేమో సుమారు అర సెంటీమీటరు. అంటే మన బలం పిన్ను దగ్గరికి చేరేసరికి నూరు రెట్లకు పైగా పెరుగుతుంది. పిన్ను చుట్టూ తుప్పు చేరి వంద కిలోల పట్టు పట్టినా, హ్యాండిల్ దగ్గర అది ఒక కిలో బరువంత కూడా అనిపించదు. తలుపు కొంచెం గట్టిగా ఉందనుకుంటాం, అంతే. పైకి ఎత్తేటప్పుడు ఈ సాయం ఏమీ ఉండదు. ఆ వంద కిలోలూ నేరుగా మన నడుము మీదే పడతాయి.

అందుకే తలుపు సాఫీగా తిరుగుతోందంటే పిన్ను శుభ్రంగా ఉందని కాదు. ఇందులోనే మనకు పనికొచ్చే కిటుకూ ఉంది. తిప్పడంలో మనకు నూరు రెట్ల బలం ఉంది కాబట్టి, పట్టు విడిపించే పనిని తిప్పడంతోనే చేయించాలి. ఎత్తడం దాని వెనకాల రావాలి.

లోపల పట్టుకునేది ఏమిటి?

మొదటిది తుప్పు. తుప్పుగా మారిన ఇనుము తన పాత చోటు కంటే రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంధ్రానికీ పిన్నుకూ మధ్య సందు చాలా సన్నం కాబట్టి, పలచటి తుప్పు పొర చేరినా అది నాలుగు వైపుల నుంచీ నొక్కేస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దీనికి తోడవుతుంది. డిట్రాయిట్ నగరం కింద, సుమారు 1,200 అడుగుల లోతున, ఒక ఉప్పు గని ఉంది. అక్కడ తవ్విన ఉప్పు రోడ్ల మీదికే వస్తుంది. ఉప్పు కలిసిన తడిలో తుప్పు పట్టే ప్రక్రియ వేగం అందుకుంటుంది, పైగా ఉప్పు ఆ తడిని తొందరగా ఆరనివ్వదు. చక్రాలు చిమ్మే ఆ నీరు ముందుగా తగిలే చోట్లలో కింది కీలు ఒకటి. ఏ బండి తీసుకున్నా సాధారణంగా పై కీలు కంటే కింది కీలే మొండికేస్తుంది.

రెండోది అల్యూమినియం. 2018 మోడల్‌గా వచ్చిన జేఎల్ తరం ర్యాంగ్లర్‌లో బరువు తగ్గించడానికి తలుపులనూ కీళ్లనూ అల్యూమినియంతో చేశారు. ఉక్కు పిన్ను, అల్యూమినియం కీలు, మధ్యలో ఉప్పునీరు ఉంటే అదొక చిన్న బ్యాటరీ లాగే పని చేస్తుంది. అందులో అరిగిపోయేది అల్యూమినియం. ఎర్ర తుప్పుకు బదులు తెల్లటి పొడి చేరుతుంది. అదీ ఉబ్బుతుంది, అదీ బిగిస్తుంది.

ఇక పెయింటు. కీలు ముక్కలు కలిసే అంచున పెయింటు పొర అతుక్కుని ఉంటే, ఎప్పుడూ తీయని తలుపు మొదటిసారి మొరాయించడం మామూలే. ఆ గీత వెంట పలచటి బ్లేడు ఒకసారి నడిపితే చాలు, లేకపోతే పెయింటు పెచ్చులుగా లేస్తుంది.

అసలు పట్టేయకుండానే పట్టేసినట్టు అనిపించే సందర్భాలూ ఉన్నాయి. హ్యాండిల్ వైపు ఒక చేయి, కీలు వైపు ఒక చేయి వేసి ఎత్తితే హ్యాండిల్ వైపే ముందు లేస్తుంది. తలుపు ఒరగగానే పిన్ను రంధ్రంలో ఏటవాలుగా పడి, పైఅంచు ఒక పక్క, అడుగంచు ఎదుటి పక్క ఒరుసుకుంటుంది. ఆ స్థితిలో ఎంత బలం పెడితే అంత బిగుస్తుంది. బరువు పట్టుకునేది ఎక్కడైనా, ఎత్తే బలం మాత్రం కీలుకు దగ్గరగానే ఉండాలి.

మొదలెట్టే ముందు ఏమేం విప్పాలి?

అద్దం పూర్తిగా దించండి. డ్యాష్‌బోర్డు కింద, తలుపు వైపున్న ప్లాస్టిక్ మూత తీస్తే లోపల వైర్ల కనెక్టర్ ఉంటుంది, దాని లాకు నొక్కి విడదీయండి. తలుపు మరీ ముందుకు పోకుండా ఆపే పట్టీని విప్పండి. ఈ రెండింట్లో ఒకటి మరిచిపోయి, తలుపు పట్టేసిందనుకుని బలంగా లాగి వైర్లు తెంపుకునేవాళ్లున్నారు. పట్టీ తీసేశాక తలుపును అడ్డుకునేది ఏదీ ఉండదు. ముందుకు వదిలేస్తే సైడు అద్దం వెళ్లి బాడీకి తగిలి పెయింటు లేచిపోతుంది. కాబట్టి అక్కణ్ణుంచి ఒకరు తలుపును పట్టుకునే ఉండాలి.

అడుగు స్క్రూలే ఊడిరాకపోతే?

జేఎల్‌లోనూ, దానికి ముందు తరం జేకేలోనూ ఇవి టీ50 టార్క్స్ స్క్రూలు. జేఎల్‌లో ఏ సైజు బిట్ కావాలో కీలు మీదే అచ్చుకొట్టి ఉంటుంది. స్క్రూ తల నేలవైపు చూస్తుంటుంది కాబట్టి ఆ నక్షత్రం గుంటలో మట్టి, పెయింటు గడ్డకట్టి ఉంటాయి. బిట్ సగమే దిగితే మూలలు నలిగిపోతాయి, ఆ తర్వాత ఆ స్క్రూతో నానా అవస్థా. సూది లాంటి దానితో గుంటను అడుగుదాకా తవ్వి శుభ్రం చేయండి. బిట్ పెట్టి సుత్తితో రెండు దెబ్బలు కొట్టి పూర్తిగా కూర్చోబెట్టండి. విప్పబోయే ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పండి. ఎదురుదిశలో కదిలించిన ఆ చిన్న కదలికకే తుప్పు చాలాసార్లు విడిపోతుంది. పవర్ టూల్‌తో ఒకేసారి లాగకండి.

నూనె ఎలా పట్టించాలి, ఎంతసేపు?

షెల్ఫులో కనబడే నీలిరంగు డబ్బా డబ్ల్యూడీ-40 పేరులోని మొదటి రెండక్షరాలకు అర్థం తడిని తరిమేది అని. తుప్పులోకి చొరబడటం దాని ప్రధాన ఉద్యోగం కాదు. దానికోసం ప్రత్యేకంగా పెనెట్రేటింగ్ ఆయిల్ దొరుకుతుంది, పీబీ బ్లాస్టర్, లిక్విడ్ రెంచ్ లాంటివి. అదే తెచ్చుకోండి.

స్క్రూ తీసేశాక రెండు చోట్ల కొట్టాలి. కీలు ముక్కలు రెండూ కలిసే గీత దగ్గర పైనుంచి ఒకటి, అడుగు రంధ్రంలోంచి పైకి ఒకటి. కొట్టిన వెంటనే తలుపును, సైడు అద్దం బాడీకి తగలకుండా చూసుకుంటూ, ఒక పాతికసార్లు తెరిచి మూయండి. ఊరికే నాననివ్వడం కంటే దీనికి ఫలితం ఎక్కువ. తిరిగే పిన్ను తుప్పును నలిపి, నూనెను తనతో లోపలికి తీసుకుపోతుంది. అడుగు నుంచి కారే చుక్కలను ఒక తెల్ల కాగితం మీద పట్టి చూడండి. మొదట నూనె నూనెలాగే పడుతుంది. కాసేపటికి ఎర్రమట్టి రంగుకు తిరిగి, వేలితో రుద్దితే గరగరలాడుతుంది. అప్పుడు నూనె పైనుంచి కిందిదాకా దారి చేసుకుందని అర్థం. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి, ఇలా రెండు మూడు రోజులు చేస్తే చాలా తలుపులు ఇక్కడికే లొంగుతాయి. తొందరపడి సుత్తి ఎత్తుకునే బదులు ఈ రెండు రోజులు ఆగడం మేలని నా గట్టి నమ్మకం.

ఎత్తడం ఎలా?

ఇద్దరు కావాలి. ఒకరు తలుపును కీలు వైపు పట్టుకుని నిదానంగా, ఎగదన్నకుండా పైకి ఎత్తుతూ ఉండాలి. రెండోవాళ్లు హ్యాండిల్ పట్టుకుని తలుపును బెత్తెడు అటూ బెత్తెడు ఇటూ ఆడిస్తూ ఉండాలి. సీసా బిరడాను మెలితిప్పుతూ లాగడం లాంటిదే ఇది. రాపిడి ఎప్పుడూ జరుగుతున్న కదలికకు ఎదురుగానే పనిచేస్తుంది. పిన్ను గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ దాని బలమంతా ఆ తిరుగుడును ఆపడానికే ఖర్చవుతుంది, పైకి లేవడాన్ని అడ్డుకోవడానికి పెద్దగా మిగలదు.

కాస్త లేచి మళ్లీ ఆగిపోతే ఇంకా గుంజకండి. ఉన్నచోటికి దించి, నూనె కొట్టి, తిప్పి, మళ్లీ ఎత్తండి. లేచేటప్పుడు ఊడిన తుప్పు రేణువులు పైన చీలల్లా ఇరుక్కుంటాయి, దించితే అవి జారిపోతాయి. ప్రతిసారీ ఇంకొంచెం పైకి వస్తుంది.

అయినా కదలకపోతే జాకీ. తలుపు కింది అంచున, కీలుకు వీలైనంత దగ్గరగా చెక్కముక్క వేసి, దాని కింద జాకీ పెట్టండి. జాకీ బరువు అందుకున్నాక ఇంకొంచెం తిప్పి ఆపేయండి. బండిని లేపడం మన పని కాదు, నెమ్మదైన ఒత్తిడి ఉంటే చాలు. ఆ ఒత్తిడి ఉండగా కీలులో బాడీ వైపు ముక్కను రబ్బరు సుత్తితో చిన్నగా తడుతూ పోండి. ఆ అదురుకు తుప్పు పగులుతుంది. రెండు కీళ్ల సందులనూ చూస్తూ ఉండండి. పైన రెండు మిల్లీమీటర్లు తెరుచుకుని కింద వెంట్రుకవాసి కూడా లేదంటే పట్టింది కింది పిన్నే, దెబ్బలు అక్కడే వేయాలి. రెండు ముక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదన్నడం మాత్రం వద్దు. అల్యూమినియం కీలైతే అంచు విరుగుతుంది, ఇనుపదైతే పెయింటు పోయి కొత్త తుప్పుకు చోటు దొరుకుతుంది.

వేడి చేయొచ్చా?

హీట్ గన్‌తో, జాగ్రత్తగా. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి జేఎల్ కీలులో రంధ్రం పిన్ను కంటే కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. ఉక్కులో ఉక్కు అయితే లాభం తక్కువ, బయటి ముక్క ముందు వేడెక్కి లోపలి పిన్ను ఇంకా చల్లగా ఉన్న ఆ కాసేపే. మంట వాడకండి. దగ్గర్లోనే వైర్లున్నాయి, పెయింటు ఉంది, చాలా కీళ్లలో పిన్నుకు ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ నూనెలు మండుతాయి. నూనె కొట్టిన కీలును వేడి చేయకూడదు. వేడి ముందు, అది చల్లారాక నూనె.

దేనికీ లొంగకపోతే పిన్ను జోలికి పోకుండా కీలునే తలుపు నుంచి విప్పడం ఒక్కటే దారి. అలా చేస్తే తలుపు అమరిక పోతుంది. విప్పే ముందు కీలు చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి ఉన్న చోటును గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత పిన్నును బల్ల మీద, వైస్‌లో పెట్టి తీయొచ్చు.

వచ్చే ఏడాది మళ్లీ ఇదే గొడవా?

అక్కర్లేదు. తలుపు వచ్చిన రోజే పిన్నులను నైలాన్ పీచుతో మెరిసేదాకా రుద్దండి, రంధ్రాలను గుడ్డతో తుడవండి, అరిగిన ప్లాస్టిక్ తొడుగులు మార్చండి. నీటికి కడుక్కుపోని గ్రీజు పలచగా పూయండి, లావుగా పూస్తే దుమ్ము పట్టి ముద్దవుతుంది. చలికాలం ముగియగానే కీళ్లను మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించండి. తలుపుల్లేకుండా తిరిగే ఉద్దేశం లేకపోయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎత్తి, గ్రీజు రాసి దించండి.

తలుపులు తీసి పబ్లిక్ రోడ్ల మీద నడపొద్దని, అది రోడ్డు కాని చోట్ల వాడకానికేనని ర్యాంగ్లర్ యజమాని పుస్తకమే హెచ్చరిస్తుంది. పక్కనుంచి గుద్దితే కాపాడేది ఆ తలుపే. దానితో పాటు సైడు అద్దమూ పోతుంది కాబట్టి మీ రాష్ట్రం అద్దాల గురించి ఏమంటుందో ముందే చూసుకోండి. పిల్లలను ఎక్కించుకునే బండైతే ఈ విషయంలో రాజీ పడకండి.

తీసిన తలుపులను ఒకదాని మీద ఒకటి పడేయకుండా దుప్పటి పరిచి నిలువుగా ఆనించండి. తిరిగి పెట్టేటప్పుడు రెండు పిన్నులూ నిటారుగా దిగాయో లేదో చూసి, అడుగు స్క్రూలను చేతి బలంతో ఆగినంతవరకే బిగించండి. కనెక్టర్ పెట్టాక అద్దం దిగుతోందా, తాళం పడుతోందా చూసుకుని, ఆ తర్వాతే ప్లాస్టిక్ మూత వేయండి.