సమ్మోహనంతో చదువు వస్తుందా?

హిప్నాటిజంతో పిల్లల జ్ఞాపకశక్తి పెరుగుతుందనే ప్రకటనలు తల్లిదండ్రులను ఆకర్షించడం సహజం. ఇందులో నిజమెంత?

1840 దశకంలో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పేరుకు మూలం నిద్ర అనే అర్థంగల గ్రీకు పదం. అయితే ఇది నిద్ర కాదు. ధ్యాస ఒకే విషయంపై నిలిచి, సూచనలను మనస్సు సులభంగా స్వీకరించే స్థితి. అందుచేత నిపుణుల పర్యవేక్షణలో కొందరు విద్యార్థులకు పరీక్షల భయం తగ్గవచ్చు. భయం తగ్గితే చదివినది జ్ఞప్తికి వస్తుంది. చదవనిది మాత్రం రాదు. సమ్మోహన స్థితిలో గుర్తుకు వచ్చినవి మామూలు జ్ఞాపకాలకన్న నమ్మదగినవి కావని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నివేదిక 1985లోనే హెచ్చరించింది.

జ్ఞాపకం నిలిచే మార్గం వేరు. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ ప్రకటించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివినవారికి వారం తరువాత సుమారు 40 శాతమే గుర్తున్నది. ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా వ్రాసినవారికి 61 శాతం గుర్తున్నది.

మన పెద్దలు పాఠం ఒప్పజెప్పించుకోవడంలోని మర్మమిదే. పుస్తకం మూయించి, "ఏం చదివావో చెప్పు నాన్నా" అని పది నిమిషాలు వినడానికి ఏ వశీకరణ విద్యా అక్కరలేదు.